దొంగలు ఎత్తుకుపోని బండి

పోయిన వేసవిలో పరీక్షల డ్యూటీ మీద గద్వాలలో వారం రోజులు ఉండాల్సి వచ్చింది. మా నాయన సంవత్సరీకం అయి అప్పటికి నెల కూడా కాలేదు. ఇంట్లో ఉంటే ఆయన కూర్చునే కుర్చీ వైపు చూపు పోతూనే ఉండేది కాబట్టి, బయటి ఊరిలో డ్యూటీ పడిందంటే లోలోపల సంతోషించాను కూడా. ఆదివారం సెలవు. పొద్దున్నే టీ తాగుదామని లాడ్జి దిగి కోట వైపు నడిచాను. అక్కడ ఒక హోటలు ముందు ఏడు మోటారుసైకిళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఏడూ ఒకే రకం. ఇరవై ఏళ్ల కిందట మా పాలమూరు పడుచువాళ్లందరూ గోడల మీద బొమ్మలు అంటించుకున్న నూటయాభై సీసీ బండి అది. చూడటానికి పందెం బండిలా ఉండేది, ధర మాత్రం మాలాంటి ఇళ్లకు అందేది. కంపెనీ వాళ్లు దాన్ని చేయడం మానేసి చాలా కాలమైంది. ఆ ఏడు బండ్ల చుట్టూ నడివయసు మనుషులు పాతగుడ్డలు పట్టుకుని తుడుచుకుంటూ, ఒకరి బండి సైలెన్సర్ దగ్గర ఇంకొకరు చెవి పెట్టి వింటూ, పెళ్లిపందిట్లో మాదిరి సందడిగా ఉన్నారు. ప్రతి ఆదివారం అక్కడ కలుస్తారట. ఎవరి బండికి ఏ సామాను దొరక్కపోయినా మిగిలిన వాళ్లు రాయచూరు దాకా వెళ్లి వెతికి తెస్తారట.

నేను నిలబడి చూస్తుంటే వాళ్లలో ఒకతను నవ్వుతూ దగ్గరికి వచ్చాడు. పేరు రాఘవేంద్ర, కరెంటు పనిచేస్తాడు. "మీకు గూడ ఉండెనా సార్ గీ బండి?" అని అడిగాడు. "ఉండె. రెండేండ్లు నడిపిన. తర్వాత దొంగలెత్తుకపోయిండ్రు" అన్నాను. అందరూ పనులాపి, ఇంట్లో మనిషి పోయాడని విన్నట్టు అయ్యో అన్నారు. ఒకాయన, "కొత్త బండ్లు ఎన్నన్న రానీ సార్, వాటిని మనం నడుపుతం అంతే. గిది మన మాట వింటది" అన్నాడు. నన్ను ఓదార్చడానికి కాబోలు రాఘవేంద్ర తన బండి దగ్గరికి తీసుకుపోయాడు. ఎర్రటి బండి. కొత్త పెళ్లికూతురిలా పెట్టుకున్నాడు దాన్ని. నంబరు పలక కొత్తది, దాని మీది నంబరు మాత్రం నాకు నా పేరు తెలిసినంత బాగా తెలుసు. వంగి ఎడమవైపు కాలు పెట్టుకునే కడ్డీ చూశాను. వెల్డింగు చేసిన అతుకు, బొటనవేలంత, అలాగే ఉంది.

"యాడ కొన్నవు దీన్ని?" అని అడిగాను. అతను ఆ కథ ఎంతమందికి చెప్పాడో, ఉత్సాహంగా ఎత్తుకున్నాడు. "కొన్న అనెందుకు లేదు సార్, ఒక పెద్దాయన తెచ్చి నా చేతుల పెట్టిండు. అప్పుడు నేను మార్కెట్ యార్డుల కరెంటు పని చేస్తుంటి. నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి పల్లికాయల డీసీఎం లారీ వచ్చింది. దాంట్ల ఈ బండి. కింద పడకుంట ఆ పెద్దాయన దీన్ని రెండు చేతుల పట్టుకోని బస్తాల మీద కూసోని వచ్చిండు. తెల్ల ధోతి, నెత్తికి ఎర్ర రుమాలు. కుడి చేతికి చిటికెనవేలు సగం లేకుండె. ఇంత బండి అమ్ముతున్నవు ఏంది అని అడిగితె, మా పిల్లగాడు దీన్ని నడిపితె బతకడు నాయినా, నువ్వన్న నిమ్మళంగ నడుపుతవా అన్నడు. బేరం గూడ ఆడలే. తాళంచెవి లేదన్నడు, నేనే కొత్తది చేపిచ్చుకున్న. ఒక్క మాట మాత్రం తీసుకుండు, దీన్ని ఎన్నడు నాగర్‌కర్నూల్ దిక్కు తేవద్దని. హౌదు తాతా అన్న. ఇరవై ఏండ్లు దాటింది, నేను దీని మీద కృష్ణ దాటలే సార్. చలికాలం పొద్దున్నే స్టార్ట్ కాకుంటె ఏం చేయాల్నో గూడ చెప్పి పోయిండు."

గడ్డికోత మిషన్లో చిటికెనవేలు సగం పోగొట్టుకున్నది మా నాయన. నేను రాఘవేంద్రకు ఏమీ చెప్పలేదు. టీ తాగకుండానే లాడ్జికి వచ్చి మంచం మీద కూర్చున్నాను.

ఇది చదివేవాళ్లకు మా నాయన ఎట్లాంటివాడో చెప్పకపోతే నా బాధ అర్థం కాదు. మాది ఉప్పునుంతల దగ్గర ఒక మెట్ట ఊరు. పల్లి, జొన్న, కాస్త కంది. నాయన అందరికన్నా ముందు లేచి, కానుగపుల్ల నములుతూ వాకిట్లో బండపరుపు మీద కూర్చునేవాడు. అమ్మ బెల్లం చాయ్ ఇత్తడి గ్లాసులో పోసి ఇస్తే, దాన్ని రుమాలు కొసతో పట్టుకుని చివరి గుక్క దాకా ఊదుకుంటూ తాగేవాడు. ఆ చాయ్ అయ్యేలోపల ఎవరో ఒకరు తగవు పట్టుకుని వచ్చేవారు. చేని ఒడ్డు జరిపాడని ఒకరు, మేక చేలో పడిందని ఒకరు. నాయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. రెండు వైపులా విని, ఒక్క మాట చెప్పేవాడు. "మల్లయ్య చెప్పిండంటె రాసినట్టే" అనేవారు మా చుట్టుపక్కల. ఒకసారి అమ్మ సొంత తమ్ముడు పక్కవాడి చేనులో రెండు సాళ్లు కలుపుకున్నాడు. నాయనను సాక్ష్యం అడిగారు. బావమరిది అని చూడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ కోపంతో మేనమామలు ఏళ్ల తరబడి మా గడప తొక్కలేదు. అమ్మ పండగల పూట కళ్లు తుడుచుకునేది కానీ నాయనను ఒక్క మాట అనలేదు. అబద్ధం ఆడితే పంట పండదని ఆయన నమ్మకం. మాకు చిన్నప్పుడు దెబ్బలు పడ్డాయంటే అది చేసిన తప్పుకు కాదు, దాచిన తప్పుకు.

అలాంటి ఇంట్లోకి ఆ ఎర్ర బండి వచ్చింది. డిగ్రీ అయిపోయి నాగర్‌కర్నూల్లో పిల్లలకు ట్యూషన్లు చెబుతున్న రోజులు. వనపర్తిలో ఒక కాంపౌండరు బదిలీ మీద పోతూ అమ్మేస్తుంటే తెచ్చుకున్నాను. అతను సంతకం చేసి ఇచ్చిన కాగితాలు నాయన ఇనుప పెట్టెలో పెట్టాడు. నా పేరు మీదకు మార్పించుకోవడం రేపు మాపు అంటూ ఎన్నడూ చేయలేదు. మొదటి నెల నాయన ఆ బండి వంక చూడలేదు. ఎద్దుల కొట్టం పక్కన దాన్ని నిలబెడితే, ఎద్దు బెదురుతుందని గొణిగాడు. తరువాత ఒకరోజు ఉప్పునుంతల అంగడికి బస్సు తప్పిపోతే, రుమాలు గట్టిగా చుట్టుకుని వెనక ఎక్కాడు. అప్పటి నుంచి ఏ పని ఉన్నా, "నీ గుర్రం ఖాళీగ ఉన్నదా?" అని అడగడం మొదలుపెట్టాడు.

పేరుకే అది పందెం బండి. మా ఇంట్లో అది చేయని పని లేదు. బోరు మోటారు కాలిపోతే దాని మీదే కట్టుకుని పోయేవాణ్ణి. విత్తనాల బస్తాలు, పచ్చగడ్డి మోపు, గ్యాసు బుడ్డి అన్నీ మోసింది. మా నాయనమ్మను కంటి ఆపరేషన్‌కు దవాఖానకు తీసుకుపోయింది. తిరిగి వచ్చేటప్పుడు కంటికి కట్టుతో ఆమె, "జర జోరుగ పోనియ్యిరా, గాలి మంచిగ తగుల్తుంది" అన్నది. పొద్దున ఎద్దు, సాయంత్రం గుర్రం. పని ముగిశాక కల్వకుర్తి రోడ్డు మీద దాన్ని ఒక్కసారి పూర్తిగా వదిలితే, వంగి ట్యాంకు మీద గడ్డం ఆనించినప్పుడు, ఆ ట్యాంకు వేడి, పెట్రోలు వాసన, కోసిన పల్లి చేల వాసన అన్నీ కలిసి ముక్కులోకి వచ్చేవి. నా చొక్కాలకు పెట్రోలు వాసన పోవడం లేదని అమ్మ వాటిని వేరే బకెట్లో నానబెట్టేది.

బండి నాదే అయినా దాని మనసు తెలిసింది జహంగీర్‌కు. నాగర్‌కర్నూల్ పాత బస్టాండు దగ్గర అతనిది రేకుల షెడ్డు. నా ఈడువాడే. స్క్రూడ్రైవర్ మొనను ఇంజను మీద, పిడిని చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. "దీనికి దగ్గు పట్టింది" అనో, "ఆకలి మీదున్నది" అనో చెప్పేవాడు. ప్రతి ఆదివారం నేను అక్కడే. కార్బొరేటర్ విప్పి కిరసనాయిలులో ముంచి కడిగేవాళ్లం. మధ్యాహ్నం షెడ్డు వెనక ఇంట్లో వాళ్లమ్మ, నేనూ అమ్మీ అనే పిలిచేవాణ్ణి, ఖట్టా దాలు, వేయించిన మిరపకాయలు, అన్నం పెట్టేది. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా చేతుల కిరసనాయిలు వాసన అన్నంలో తగిలేది. "మీ ఇద్దరికి పెండ్లాలు అవసరం లేదు, ఆ బండినే చేసుకోండి" అనేది అమ్మీ. బండికి రెండు తాళంచెవులు. ఒకటి మా ఇంటి గుమ్మం పక్కన మేకుకు, రెండోది జహంగీర్ దగ్గర. నేను ఊళ్లో లేనప్పుడు కూడా వచ్చి తీసుకుపోయి ఆయిలు మార్చి తెచ్చిపెట్టేవాడు. ఇద్దరం దాని మీద సోమశిల పోయి కృష్ణలో ఈతలు కొట్టాం. మన్ననూర్ పోయి, చీకటి పడితే అడవి గేటు మూసేస్తారని ఆదరాబాదరాగా వెనక్కి వచ్చాం. అంతకుమించి సంపద ఏముంటుందో నాకు ఆ వయసులో తోచేది కాదు.

ఒకరోజు సోమశిల నుంచి వస్తుంటే కొల్లాపూర్ ఇవతలి మలుపులో కంకర మీద బండి జారింది. నడిపింది నేను. జహంగీర్ పొదలో పడి బతికిపోయాడు. నా వీపు తోలంతా లేచిపోయింది, బండి ఎడమ కాలికడ్డీ విరిగింది. జహంగీర్ ఆ సాయంత్రమే దాన్ని వెల్డింగు చేశాడు. నేను ఇంట్లో చెప్పలేదు. మూడు రోజుల తరువాత, బావి దగ్గర నేను చొక్కా విప్పి నీళ్లు పోసుకుంటుంటే నాయన వెనక నుంచి వచ్చాడు. చూశాడు. ఒక్క మాట అడగలేదు. పోయి బండి పక్కన గొంతు కూర్చుని ఆ కడ్డీ అతుకు మీద వేలు పెట్టి రుద్దాడు. నేను దాచిన తప్పుకు దెబ్బలు పడతాయని భయపడ్డాను. ఏమీ అనకపోతే, పెద్దవాణ్ణయ్యాను కదా అని లోపల గర్వపడ్డాను కూడా.

ఆ తరువాత రెండు వారాలకు పంతులు ఉద్యోగం పరీక్ష కోసం నాలుగు రోజులు హైదరాబాద్ పోయాను. తిరిగి వచ్చేసరికి కొట్టం పక్కన బండి లేదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. నాయన బండపరుపు మీద కూర్చుని ఉన్నాడు. "తెల్లారి లేచి చూస్తె లేదు బిడ్డా" అన్నాడు. నేను మేకు వైపు పరుగెత్తాను. "తాళంచెవి ఈడనే ఉన్నది" అన్నాడు. ఆ రెండు మాటలే. ఇంకెవరి పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని కూడా లేదు. ఉన్నది రెండు తాళంచెవులు, ఒకటి మేకుకు ఉంది.

వచ్చిన బస్సులోనే నాగర్‌కర్నూల్ పోయాను. నాయన పిలవకుండానే నా వెంట ఎక్కాడు. జహంగీర్ షెడ్డు ముందు ఏదో స్కూటరు చక్రం విప్పుతున్నాడు. నన్ను చూసి, "పరీక్ష ఎట్ల రాసినవ్ భాయ్?" అని లేచాడు. నేను ఏమన్నానో ప్రతి మాటా గుర్తుంది. "పరీక్ష సంగతి తర్వాత. బండి తీసినవ్ నువ్వు. ఎవరికమ్మినవో చెప్పు" అన్నాను. అతను ముందు నవ్వాడు, తమాషా అనుకుని. నా ముఖం చూసి లోపలికి పోయి తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇగో, నా దగ్గరనే ఉన్నది" అన్నాడు. "తాళంచెవి ఉన్నది, బండేది?" అని అరిచాను. పక్క హోటల్లో చాయ్ తాగేవాళ్లంతా గ్లాసులు పట్టుకునే వచ్చారు. అమ్మీ తలమీద కొంగు వేసుకుని వాకిట్లోకి వచ్చింది. "శ్రీశైలం, నీకు మతి ఉన్నదా?" అన్నాడు జహంగీర్. నేను ఇంకా గట్టిగా అరిచాను. దొంగ అన్నాను. పోలీసుల దగ్గరికి పోదాం పద అని చొక్కా పట్టుకున్నాను. అప్పుడు నాయన నా చేయి విడిపించాడు. "పోలీసుల దాక వద్దు బిడ్డా. పోయింది పోయింది. ఇంటికి పా" అన్నాడు.

అక్కడున్న వాళ్లంతా మల్లయ్య గుండె ఎంత పెద్దదని మెచ్చుకున్నారు. దొంగ ఎవరో తెలిసినా తల్లి ముఖం చూసి వదిలేశాడన్నారు. జహంగీర్‌ను ముంచింది నా అరుపులు కావు, ఆ మెప్పు. ఆ తరువాత అతని దగ్గర బండి వదిలిపోయే మనిషి లేడు. వానాకాలం వచ్చేసరికి షెడ్డుకు తాళం పడింది. తల్లీ కొడుకూ ఎటో పోయారన్నారు. నాకు ఆ ఏడే ఉద్యోగం వచ్చింది. బండి పోవడం కూడా మంచికే అయిందని ఊరంతా అన్నది, నేనూ అనుకున్నాను. ఇరవై ఏళ్లు ఆ కథను స్టాఫ్ రూముల్లో చెప్పాను. స్నేహం గురించి పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు చెప్పాను. నమ్మినవాడే ముంచాడని ఒక చిన్న పత్రికలో రాశాను కూడా. ఆ వ్యాసానికి చాలామంది ఉత్తరాలు రాశారు.

గద్వాల నుంచి వచ్చిన సాయంత్రం అమ్మ మా నాగర్‌కర్నూల్ ఇంటి వరండాలో చాప వేసుకుని గోంగూర ఒలుస్తోంది. ఆమెకు చెవులు బాగానే వినిపిస్తాయి. పక్కన కూర్చుని, "బండి గద్వాలలున్నది" అన్నాను. ఆమె చేయి ఆగలేదు. ఏ బండి అని కూడా అడగలేదు. నాకు అప్పుడే తెలిసిపోయింది.

"నీకు తెల్సు గదా అమ్మా?"

"నీకు చెప్పొద్దని మీ నాయిన తన తల మీద నా చెయ్యి వెట్టిపిచ్చుకుండు."

"ఎందుకు చేసిండు? నన్ను కూసోబెట్టి చెప్తె ఇననా?"

"ఇనవు. ఇంటె వీపంత తోలు లేసినప్పుడే బండి పక్కకు పెడుతుంటివి. మూడు దినాలు మాకు చెప్పకుంట తిరిగినవు. మీ నాయిన ఆ వారం కంచం ముందల కూసొని లేస్తుండె, ముద్ద దిగకపోతుండె. బండి పోతె ఇంకోటి వస్తది. నువ్వు పోతె?"

"మరి జహంగీర్?"

అమ్మ ఆకులన్నీ గిన్నెలోకి ఎత్తింది, కాడలన్నీ ఒక దగ్గర చేసింది. "నువ్వు ఆ పిల్లగాని మీద పడుతవని ఆయన అనుకోలే. అనుకోకుంటనే అయింది. తర్వాత చెప్దమంటె రోజులు గడిచినయి. చెప్పెతందుకు నోరు రాలే" అని లేచి లోపలికి పోయింది. నోరు రాలే అనే మాట మా నాయన గురించి వినడం నా బతుకులో అదే మొదటిసారి. ఊళ్లో ఎవరి ఒడ్డు ఎక్కడుందో చెప్పడానికి వచ్చిన నోరు, బావమరిది పరువు తీయడానికి వచ్చిన నోరు. అనుకోలేదట. మరి బస్సులో నా పక్కన కూర్చుని ఆయన ఏం ఆలోచించాడు? నేను చొక్కా పట్టుకున్న క్షణాన ఒక్క మాట చెప్పి ఉంటే నేను నాలుగు రోజులు అలిగేవాణ్ణి. అంతే కదా. ఆయన ప్రేమ వల్లనే చేశాడని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం తగ్గలేదు. ప్రేమించినవాడు మోసం చేస్తే ఎవరి దగ్గర మొర పెట్టుకోవాలి? ఆయన ఫొటోకు దండ వేసి ఉంది. దాని ముందు నిలబడి అడగాలనుకున్నాను, నోట్లోంచి మాట రాక వెనక్కి వచ్చాను.

జహంగీర్ వనపర్తిలో ఉన్నాడని పాత మెకానిక్కుల వల్ల తెలిసింది. పోవడానికి నాకు నెల రోజులు పట్టింది. ఇప్పుడు మా ఇంట్లో రెండు బండ్లు, ఒక కారు. ఎవరి తాళంచెవి వాళ్ల జేబులో. నా బండి తాళంచెవి మా అబ్బాయి అడిగినా ఎప్పుడు తెస్తావని అడిగి ఇస్తాను. వేరే ఊళ్లో, వేరే ఇంట్లో ఒక తాళంచెవి పెట్టి నిశ్చింతగా నిద్రపోయిన ఆ రోజులు తలుచుకుంటూ దారంతా కారు నడిపాను. మోటార్లకు తీగ చుట్టే చిన్న దుకాణం అతనిది. గడ్డం నెరిసింది. నన్ను గుర్తుపట్టాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. కాలితో స్టూలు ఇటు జరిపాడు. "అమ్మీ ఎట్లున్నది?" అన్నాను. "పోయి తొమ్మిదేండ్లాయె" అన్నాడు. అంతా చెప్పాను. గద్వాల, డీసీఎం, నాయన, అమ్మ. అతను రాగితీగ చుట్టడం ఆపకుండా విన్నాడు. చివర్లో, "నన్ను గూడ మోసం చేసిండు జహంగీర్. నాకు గూడ తెల్వదు" అన్నాను. అప్పుడు తీగ పక్కన పెట్టాడు.

"నీకు తెల్వదు, సరే. నాకో మాట చెప్పు. ఆ దినం నువ్వు నన్ను అడిగినవా?"

నాకు అర్థం కాలేదు.

"తీసినవా జహంగీర్ అని అడిగినవా? అడగలే. తీసినవ్ అన్నవ్. రెండేండ్లు మా అమ్మీ చేతి అన్నం తిన్నవు గదా, ఒక్కసారి అడగబుద్ధి గాలేదా? అడిగుంటె నేను తీయలే అందును. అప్పుడు నువ్వు నమ్మకున్నా నాకు ఇంత బాధ ఉండకపోవు." గొంతు తగ్గించి చెప్పాడు. "ఊరోళ్లు ఏమన్న అనుకోనీ. షెడ్డు మూసినంక ఒక దినం అమ్మీ నా పక్కన కూసోని, బేటా నిజంగ తీయలేదు గదా అన్నది. నా తల్లి. నువ్వంత గట్టిగ అంటివి, మీ నాయినంత మనిషి పక్కన నిలబడె. ఏ తల్లికైన అనుమానం వస్తది. ఆమె ఆ ఒక్క మాట అడిగినంక నేను స్పానర్ పట్టుకోలే. బండ్లంటె ప్రాణముండె నాకు."

క్షమించమని అడిగాను. అతను ఆ మాట విననట్టే ఉన్నాడు. ఏం చేయమంటావో చెప్పు, ఏదైనా చేస్తానన్నాను. "నల్గుర్ల అన్నవు, నల్గుర్ల చెప్పు" అన్నాడు. "ఆ హోటల్ కాడనే. పో." అతని ఫోను నంబరు ఒక చీటీ మీద రాసి ఇచ్చాడు.

పాత బస్టాండు దగ్గర ఇప్పుడు షెడ్డు లేదు, సెల్‌ఫోన్ల దుకాణాలు వచ్చాయి. హోటలు మాత్రం ఉంది. ఆనాటి వాళ్లలో మిగిలింది ఇద్దరే. హోటలు బుచ్చయ్య, అక్కడే రోజూ పేపరు చదివే పాత దర్జీ సత్తయ్య. పొద్దున తొమ్మిదింటికి, హోటలు నిండా జనం ఉన్నప్పుడు పోయాను. వాళ్లిద్దరి ముందు నిలబడి, అందరికీ వినిపించేటట్టు, జహంగీర్ గుర్తున్నాడా అని అడిగాను. బుచ్చయ్య పెనం మీది దోసె వైపే చూస్తూ నుదురు చిట్లించాడు. "ఎవరు? ఓ, బండి దొంగనా?" అన్నాడు.

"దొంగ గాదు. బండి మా నాయిన అమ్మిండు. గద్వాలకు తీస్కపోయి అమ్మి, నాతోటి దొంగలు పడ్డరని చెప్పిండు. జహంగీర్ ఏం తీయలే. నేను అందరి ముందల దొంగ అన్నది తప్పు. గది చెప్దమని వచ్చిన."

పడుచువాళ్లు ఫోన్లలోంచి తలెత్తి చూసి మళ్లీ దించుకున్నారు. సత్తయ్య పేపరు మడిచి, కళ్లజోడు తీసి, నా వైపు జాలిగా చూశాడు. "నాయిన పోయినంక మనసు పరేషాన్ అయితది సారూ. ఏవేవో తోస్తయి. నేను మల్లయ్యను నలభై ఏండ్లు చూసిన. సొంత బావమరిదినే విడిచిపెట్టలే ఆయన. ఆయన అబద్ధమాడిండంటె నేను నమ్మ" అన్నాడు. గద్వాలలో బండి ఉంది, మా అమ్మ కూడా చెప్పింది అన్నాను. "పెద్దమనిషి సచ్చి స్వర్గాన ఉన్నడు, ఇప్పుడు ఆయన మీద ఎందుకు సారూ ఇవన్నీ" అన్నాడు బుచ్చయ్య, కొంచెం కోపంగానే. ఇంకో రెండుసార్లు చెప్పాను. చెప్పేకొద్దీ నేనే ఏదో దాస్తున్నవాడిలా కనిపిస్తున్నానని నాకే అర్థమైంది. బుచ్చయ్య నా ముందు చాయ్ గ్లాసు పెట్టి, తాగి ఇంటికి పొమ్మన్నాడు.

రోడ్డు మీదకు వచ్చి జహంగీర్‌కు ఫోన్ చేశాను.

"చెప్పినవా?" అన్నాడు.

"చెప్పిన. అందరి ముందల."

"నమ్మిండ్రా?"

అటువైపు అతని దుకాణంలో ఏదో మోటారు తిరిగి ఆగిన చప్పుడు వినిపించింది.

"నమ్మరు" అన్నాడు జహంగీర్. "ఆ దినం నువ్వు నా అంగీ పట్టుకున్నప్పుడు నేను నీ దిక్కు చూడలే శ్రీశైలం. మీ నాయిన దిక్కు చూసిన. ఇంకేం భయం లేదు, పెద్దాయన పక్కనే ఉన్నడు, నిజం చెప్తడు అనుకున్న."